పాత లెదర్ బ్యాగును పాడుచేయకుండా బాగుచేయడం ఎలా

పాత లెదర్ హ్యాండ్‌బ్యాగు చేతికి రాగానే మన ఇళ్లలో ముందు బయటికొచ్చేది కొబ్బరినూనె సీసా. దాన్ని ఉన్నచోటే ఉంచండి. తోలులోకి ఇంకిన నూనె వెనక్కి రాదు. రంగు ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా మచ్చలు కడుతుంది. వానాకాలం వచ్చేసరికి ఆ జిడ్డు మీదే బూజు పడుతుంది. మ్యూజియాల్లో తోలు వస్తువుల్ని చూసుకునే నిపుణులు కూడా ఒకప్పుడు నూనెలు పట్టించేవాళ్లు, ఇప్పుడు దాదాపు మానేశారు.

ఈ పనిలో నేను పాటించేది ఒకటే పద్ధతి: వీలైనంత తక్కువ చేయడం. పొడిగుడ్డతో పోయే మురికికి తడిగుడ్డ వద్దు. తడిగుడ్డతో పోయేదానికి సబ్బు వద్దు. రంగు వేయాలనే ఆలోచన అన్నిటికన్నా చివర రావాలి. కింద చెప్పే పనులు కూడా ఆ వరసలోనే ఉంటాయి. మీ బ్యాగు ఏ దశలో వాడుకునేలా తయారైతే అక్కడే ఆపేయండి, మిగతావి చేయక్కర్లేదు.

ముందు అది తోలో, రెగ్జినో తేల్చుకోండి

పాత రెగ్జిన్‌కీ, పియు లెదర్‌కీ (గుడ్డ మీద ప్లాస్టిక్ పూత వేసి తోలులా చేసినవాటికి) మందు లేదు. పియు పూత గాలిలోని తేమకు కొన్నేళ్లలో తనంతట తానే చితికి పెచ్చులుగా ఊడుతుంది. దాని మీద ఏ క్రీమ్ రాసినా, ఏ రంగు వేసినా ఆ పెచ్చులతోపాటే రాలిపోతుంది. అలాంటి బ్యాగు మీద రూపాయి కూడా పెట్టొద్దు. అమ్మ గుర్తుగా ఉంచుకోవాలంటే బకిలూ గొలుసూ విప్పి దాచుకోండి.

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ఫ్లాప్ కింది అంచు, పట్టీకి ఉన్న రంధ్రాలు, లోపలి జేబు పై అంచు చూడండి. తోలైతే కోసిన చోట సన్నని పీచు కనిపిస్తుంది. రెగ్జిన్ అయితే పైన పలచని పొర, దాని కింద గుడ్డ నేత కనిపిస్తాయి. బొటనవేలితో నొక్కి చూస్తే తోలు మీద సన్నని ముడతలు అడ్డదిడ్డంగా పడి, వేలు తీయగానే పోతాయి. వాసనను నమ్మొద్దు, ఈ రోజుల్లో లెదర్ వాసన కూడా సీసాల్లో దొరుకుతుంది. సంతల్లో కొందరు లైటర్ వెలిగించి బ్యాగుకు ఆనించి "చూడండి, కాలట్లేదు" అంటారు. దాంతో తేలేదేమీ ఉండదు. మీరు కొనబోయే బ్యాగు మీద ఒక మచ్చ మాత్రం మిగులుతుంది.

ఏ రకం తోలో తెలిస్తే సగం పని అయినట్టే

పచ్చితోలును పదును చేయడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి పాతది, చెట్ల బెరళ్లతో, కాయలతో చేసేది. దక్షిణాదిలో దీనికి తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వాడేవాళ్లు. బతుకమ్మలో పేర్చే ఆ పసుపుపచ్చ పూల తంగేడే ఇది. రెండోది క్రోమియం లవణాలతో చేసేది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం ఇదే.

బెరడు తోలు కాస్త బిరుసుగా, వాలిపోకుండా ఆకారం నిలిచి ఉంటుంది. వాడేకొద్దీ తేనె రంగు ముదురుతుంది, నీటిచుక్క పడితే వెంటనే నల్లబడుతుంది. క్రోమ్ తోలు మెత్తగా వాలిపోతుంది, రంగు పెద్దగా మారదు. కోసిన అంచును దగ్గరగా చూస్తే మధ్యలో నీలిబూడిద ఛాయ కనిపించొచ్చు. ఇంకో పరీక్ష ఉంది. బ్యాగు అడుగున, ఎవరికీ కనబడని చోట ఒక్క నీటిచుక్క వేసి నిమిషం ఆగండి. ఇంకిపోతే పైన పూత లేదన్నమాట, అలాంటిదాన్ని తడిపేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. చుక్క అలాగే నిలబడితే పైన రంగు పూత ఉంది, కాస్త ధైర్యంగా తుడవొచ్చు.

మన ఇళ్లలో దొరికే పాత బ్యాగుల్లో నాకు ఇష్టమైనవి శాంతినికేతన్ బ్యాగులు. ఉబ్బెత్తు పూలూ లతలూ, ఎరుపు, గోధుమ, ఆకుపచ్చ రంగులు, అంచుల చుట్టూ సన్నటి తోలుతాడు అల్లిక. 1970లు, 80ల్లో టీచరుద్యోగాలు, బ్యాంకు ఉద్యోగాలు చేసిన ఆడవాళ్ల భుజాన ఇవి తరచూ కనిపించేవి. వీటి రంగులు తడికి కారిపోతాయి కాబట్టి తడిగుడ్డ అసలు తాకించొద్దు. మెత్తని పొడి బ్రష్, పొడిగుడ్డ, అంతే.

తర్వాత హైడిజైన్. 1978లో పాండిచ్చేరిలో దిలీప్ కపూర్ మొదలుపెట్టిన సంస్థ ఇది. పాత హైడిజైన్ బ్యాగులు బెరడు తోలుతో, ఇత్తడి బకిళ్లతో ఉంటాయి. బాగుచేయడం నేర్చుకునేవాళ్లకు వీటికన్నా మంచి బ్యాగు లేదంటాను. దొరకడం తేలిక, తోలు గట్టిది, కుట్లు కంటికి కనబడతాయి.

అమెరికా వెళ్లొచ్చిన పిన్నులూ అత్తయ్యలూ తెచ్చిన కోచ్ బ్యాగులు కూడా మన బీరువాల్లో చాలానే ఉన్నాయి. కోచ్ 1941లో న్యూయార్క్‌లో చిన్న వర్క్‌షాపుగా మొదలైంది. బేస్‌బాల్ గ్లవ్ మెత్తదనం చూసి ఆ తరహా తోలుతో బ్యాగులు చేశారు. 1960లలో బానీ కాషిన్ డిజైనర్‌గా వచ్చాక తిప్పి మూసే ఇత్తడి లాక్ వాటి గుర్తయింది. పాత కోచ్‌లలో చాలావాటికి లోపల లైనింగ్ ఉండదు, తోలు వెనకవైపే కనిపిస్తుంది. లైనింగ్ లేదని నకిలీ అనుకోకండి. లోపల ముద్రవేసిన తోలుముక్క మీద నంబరు ఉంటుంది. 1994 నుంచి ఆ నంబరు ముందు వచ్చే అక్షరం నెలను, దాని పక్క అంకె సంవత్సరాన్ని చెబుతుంది. అంతకన్నా పాత నంబర్లతో తేదీ తేలదు. మరీ పాతవాటికి నంబరే ఉండదు.

లూయీ వ్యుట్టాన్ మోనోగ్రామ్ సంగతి వేరు. 1896 నుంచి ఉన్న ఆ గోధుమరంగు డిజైన్ తోలు కాదు, పూతపూసిన గుడ్డ. తోలు ఉండేది పట్టీలకూ అంచులకూ మాత్రమే, దానికి పూత ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ అది తేనెరంగుకు తిరుగుతుంది. చేతి చెమటతో మరీ నల్లబడిన పిడిని తిరిగి తెల్లగా చేస్తామని చెప్పేవాళ్లకు మీ బ్యాగు ఇవ్వొద్దు.

హైదరాబాద్‌లో ఎక్కడ వెతకాలి

మొదట బంధువుల ఇళ్లలో. నిజంగా చెబుతున్నాను, అన్నిటికన్నా మంచి బ్యాగులు అక్కడే ఉంటాయి. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన వాళ్ల ఇళ్లల్లో, ఇల్లు మారేటప్పుడు అటక దించేవాళ్ల దగ్గర అడగండి. "పాత లెదర్ బ్యాగులేమైనా ఉన్నాయా అత్తా?" అనే మాటకు చాలా ఇళ్లల్లో సమాధానం "ఉన్నాయమ్మా, పడేద్దామనుకుంటున్నా" అనే వస్తుంది.

బయటైతే ఆదివారం ఎర్రగడ్డ, గురువారం పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్. రెండు చోట్లా పొద్దున్నే వెళ్లాలి. పది దాటాక ఎండా జనమూ పెరిగిపోతాయి, మంచివి అప్పటికే పోయుంటాయి. గుట్టలో ఉన్న బ్యాగును చేతికి తీసుకున్నాక ఈ వరసలో చూడండి: పట్టీ బ్యాగుకు అతుక్కునే చోటు, అడుగు మూలలు, చైన్, లైనింగ్, చివరగా పైభాగం. మనం సహజంగా ముందు పైభాగమే చూస్తాం. గీతలు, మురికి, వాడిపోయిన రంగు, వీటికి భయపడొద్దు. పట్టీ మొదట్లో తోలే చిరిగిపోతే, మూలల్లో తోలు అరిగి లోపలి అట్ట బయటపడితే, తోలు వంచినప్పుడు పొడిపొడిగా రాలితే మాత్రం వదిలేయండి.

బేరం ఆడేటప్పుడు బ్రాండు పేరు ఎత్తకండి. మీకు తెలిసిందని తెలిస్తే ధర మారిపోతుంది. చైన్ పాడైందనీ, లోపల వాసన వస్తోందనీ నిజమే చెప్పండి, చాలు.

నకిలీల విషయంలో ఒకటే సూచన. లోగో కన్నా కుట్టు చూడండి. మంచి బ్యాగులో కుట్లు ఒకే పొడవున, ఒకే వాలులో ఉంటాయి, రెండువైపులా ఒకేలా ముగుస్తాయి. చైన్ మీద పేరు కూడా కొంత చెబుతుంది. టాలన్ అనే పేరు పాత అమెరికన్ బ్యాగుల మీద కనిపిస్తుంది. వైకేకే చైన్లు (జిప్‌లు) చేసే 1934 నాటి జపాన్ సంస్థ, కాబట్టి వైకేకే చైన్ ఉన్నంత మాత్రాన బ్యాగు కొత్తదనీ కాదు, అసలుదనీ కాదు.

పాముతోలు, మొసలితోలు, ఉడుముతోలు బ్యాగులు పాతసామానులో అప్పుడప్పుడు తేలుతాయి. ఒకప్పుడు ఇవి బాగా అమ్ముడుపోయేవి. ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇలాంటివి కొనడం, అమ్మడం నేరం. ఎంత అందంగా ఉన్నా, ఎంత చవగ్గా ఇస్తామన్నా ముట్టుకోవద్దు. విదేశాల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించే బ్యాగుకూ ఇదే జాగ్రత్త కావాలి, దానికి తోడు కస్టమ్స్ సుంకం ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి. చాలాసార్లు బ్యాగు ధర కన్నా ఆ టెన్షనే ఎక్కువ.

పని మొదలుపెట్టే కాలం

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హైదరాబాద్‌లో తోలు పనికి అనువైన కాలం. గాలి పొడిగా ఉంటుంది, ఎండ తీవ్రంగా ఉండదు, తడిపిన తోలు నెమ్మదిగా సమంగా ఆరుతుంది. జూన్‌లో వానలు మొదలైతే సెప్టెంబరు దాకా తడి పనులు పెట్టుకోకండి. గాలిలో తేమ 70 శాతం దాటితే బూజుకు పండగ. ఏప్రిల్, మే నెలల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకం. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే తడి తోలు పైపైన ఎండి, లోపల ఎండక, బిగుసుకుని పగులుతుంది. వానాకాలంలో బ్యాగు దొరికితే పొడి పనులు మాత్రం చేసి, మిగతాది చలికాలానికి వాయిదా వేయండి.

శుభ్రం చేయడం

ముందు ఫోటోలు తీయండి. అన్ని వైపులా, లోపల, మూలల్లో, ఏ పట్టీ ఏ రంధ్రంలో ఉందో కూడా. తర్వాత బ్యాగును బోర్లించి జేబులన్నీ తిరగేయండి. పాత బ్యాగుల జేబుల్లో పిన్నీసులు, ఇంకు కారిన పెన్నులు, కరిగి అంటుకున్న చాక్లెట్లు ఉంటాయి. మెత్తని బ్రష్‌తో, ఉంటే వాక్యూమ్ క్లీనర్‌తో మూలల దుమ్ము లాగేయండి. లైనింగ్ బయటికి లాగగలిగితే దాన్ని మాత్రం తడిగుడ్డతో తుడిచి, తోలుకు తగలకుండా గాలికి ఆరనివ్వండి.

తర్వాత తోలు పై భాగాన్ని పొడి బ్రష్‌తో దులపండి. గుర్రపు వెంట్రుకల షూ బ్రష్ అయితే మంచిది. ఇదివరకు నల్ల పాలిష్‌కు వాడిన బ్రష్ మాత్రం కాదు.

బూజు ఉంటే అది ఆరుబయట చేసే పని. మాస్క్ వేసుకుని, బ్యాగును బాల్కనీలో పెట్టి, పొడి బ్రష్‌తో దులిపి, ఆ బ్రష్‌ను వెంటనే కడగాలి. లేదంటే అదే బ్రష్ మిగతా బ్యాగులకు బూజు అంటిస్తుంది. మిగిలిన మరకకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌నూ నీళ్లనూ సగం సగం కలిపి, దూదిని ముంచి గట్టిగా పిండి, ముందు కనబడని చోట తుడిచి చూడండి. దూదికి రంగు అంటుకుంటే అక్కడితో ఆపేయండి. రంగు రాకపోతే మెల్లగా తుడిచి నీడలో ఆరనివ్వండి.

ఇప్పుడు తడిగుడ్డ. ఇక్కడ నీళ్ల సంగతి ముఖ్యం. మన దగ్గర చాలాచోట్ల బోరునీళ్లు బాగా ఉప్పుగా ఉంటాయి, ఆరాక తోలు మీద తెల్లని చారలు మిగులుతాయి. ఆర్‌ఓ నీళ్లు లేదా బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. తెల్లని నూలుగుడ్డను తడిపి, చుక్క కారకుండా పిండి, ఒక పక్క మొత్తం ఒకేసారి తుడవండి. మధ్యలో ఒకచోట మాత్రమే రుద్దితే అక్కడ వలయం పడుతుంది. గుడ్డ మురికైన వెంటనే మార్చండి.

దాంతో పోని జిడ్డు ఉంటే సబ్బు దాకా వెళ్లాలి. మామూలు ఒంటిసబ్బు, సర్ఫ్, గిన్నెల సబ్బు ఏవీ వద్దు. తోలు కాస్త ఆమ్లగుణం ఉన్నది, పీహెచ్ 3 నుంచి 5 మధ్య ఉంటుంది. ఒంటిసబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. పదేపదే తగిలితే తోలు బిరుసెక్కుతుంది. లెదర్ క్లీనర్ అని అమ్మేవాటిలో పీహెచ్ న్యూట్రల్ అని రాసినది తీసుకుని, స్పాంజి మీద బఠాణీ గింజంత వేసి నురగ చేసి, ఆ నురగతో తుడిచి, వెంటనే తడిగుడ్డతో తీసేయండి.

విదేశీ సేకర్తలు పాత కోచ్ బ్యాగును బకెట్ నీళ్లలో మొత్తం ముంచి కడగడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు. లైనింగ్ లేని మెత్తని తోలు కొన్నిసార్లు దాన్ని తట్టుకుంటుంది. ఇక్కడ చేయొద్దనే నా సలహా. మన నీళ్లు వేరు, మన ఎండ వేరు. ఆరడంలో తేడా వస్తే బ్యాగు ఆకారమే మారిపోతుంది. అడుగున అట్ట ఉన్న బ్యాగైతే అసలు ఆలోచించకండి.

ఆరబెట్టడం నీడలో, ఫ్యాన్ గాలికి కాస్త దూరంగా. లోపల తెల్లని పాత నూలుచీర ముక్కలు కుక్కి ఆకారం నిలపండి. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. హెయిర్ డ్రయర్, ఇస్త్రీపెట్టె, మే నెలలో డాబా ఎండ, మూసి ఉంచిన కారు డిక్కీ, ఇవన్నీ తోలుకు ఒకటే ప్రమాదం. తడిగా ఉన్న తోలు వేడికి ముడుచుకుంటే మళ్లీ చాచడం ఎవరివల్లా కాదు.

పూర్తిగా ఆరాక, అంటే కనీసం ఒక రోజు తర్వాత, తోలు ఇంకా గరుగ్గా పొడిబారినట్టు అనిపిస్తేనే కండిషనర్, అంటే తోలును మెత్తబరిచే క్రీమ్. రంగులేని క్రీమ్ తీసుకోండి. వేలి కొనతో కొంచెం గుడ్డకు రాసి, ఆ గుడ్డతో బ్యాగుకు పలచగా పట్టించి, రాత్రంతా వదిలి, పొద్దున్న పొడిగుడ్డతో రుద్దండి. రెండోసారి కావాలనిపిస్తే వారం ఆగండి. ఆ వారంలో తోలు తనంతట తానే మెత్తబడటం చాలాసార్లు చూస్తారు. షూ పాలిష్ మాత్రం బ్యాగులకు పనికిరాదు. దాని రంగు మీ తెల్ల కుర్తా మీదికి చేరుతుంది.

తియ్యకుండా వదిలేయాల్సిన మరకలు

బాల్‌పెన్ గీతలకు యూట్యూబ్‌లో వంద చిట్కాలున్నాయి, హెయిర్ స్ప్రే, నెయిల్ పాలిష్ రిమూవర్, టూత్‌పేస్ట్. ఇవన్నీ ఇంకుతోపాటు తోలు మీది పూతనూ తీసుకెళ్తాయి. సన్నని నీలిగీత ఉన్నచోట అరచేతి వెడల్పు తెల్లమచ్చ తయారవుతుంది. గీతను గీతలాగే ఉంచుకోండి.

నూనె మరక కొత్తదైతే దాని మీద మొక్కజొన్న పిండి చల్లి రాత్రంతా ఉంచి దులపండి. పాతదైతే వదిలేయండి. చాలా ఏళ్లుగా చేయి తగిలి నల్లబడిన పిడి కూడా అంతే. అది మురికి కాదు, ఆ బ్యాగు వాడిన మనిషి గుర్తు. అమ్మే ఉద్దేశం ఉన్నా సరే, పాతవి ఎరిగిన కొనుగోలుదారు దాన్ని తప్పుగా చూడరు.

వాసన మొండిది. వంటసోడాను చిన్న గిన్నెలో పోసి, బ్యాగుతోపాటు మూతపెట్టిన డబ్బాలో కొన్ని రోజులు ఉంచండి, సోడా తోలుకు తగలకూడదు. కొందరు సాంబ్రాణి పొగ వేస్తారు. అప్పుడు బూజు వాసనకు తోడు సాంబ్రాణి వాసన కూడా వస్తుంది, అంతే.

ఇత్తడి, చిలుము

పాత బ్యాగు బకిళ్ల చుట్టూ, రివెట్ల కింద ఆకుపచ్చని మైనంలాంటిది కనిపిస్తుంది. ఇత్తడిలోని రాగి, తోలులోని కొవ్వుతో కలిసి అలా తయారవుతుంది. దాన్ని పుల్లతోనో, చెక్క టూత్‌పిక్‌తోనో గీరి తీసి, దూదితో తుడవండి. ద్రవాలు అక్కర్లేదు. కొన్నేళ్లకు మళ్లీ వస్తుంది, మళ్లీ తీయాలి.

ఇత్తడి మెరిపించడానికి మన చేతులు చింతపండు వైపో, పీతాంబరి వైపో వెళ్తాయి. బకిల్ విప్పి బయటికి తీయగలిగితే, అది నిఖార్సైన ఇత్తడైతే, అలాగే తోమి కడిగి పూర్తిగా ఆరబెట్టి తిరిగి వేయండి. బ్యాగుకు ఉండగా మాత్రం చింతపండు వాడొద్దు, ఆ పులుపు తోలు మీద మచ్చ వేస్తుంది. బంగారు పూత ఉన్నవాటిని అసలు తోమకండి. రెండుసార్లకే పూత పోయి కింది లోహం బయటపడుతుంది. పూతో కాదో తెలియాలంటే ఎక్కువ రాపిడి పడే అంచు చూడండి, అక్కడ తెల్లలోహం కనిపిస్తే పూతే.

తుప్పు పట్టిన ఇనుప రింగులను బెరడు తోలు బ్యాగు మీద తడిగా ఉంచొద్దు. బెరడులోని పదార్థం, ఇనుము, తడి కలిస్తే తోలు నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం నీళ్లతో గీసిన గీత నల్లగా తేలేది ఇదే చర్యతో. అక్కడ కావాలని తెప్పించుకునే నలుపు, ఇక్కడ బ్యాగు మీద పడితే పోదు. అందుకే స్టీల్ పీచుతో తోలును, బకిళ్లను రుద్దే అలవాటు మానాలి. దాని పొడి కుట్ల మధ్య చేరి తర్వాత తడి తగిలినప్పుడు చుక్కలుగా బయటపడుతుంది.

చైన్, కుట్లు, పట్టీలు

చైన్ బిగిస్తే పళ్ల మీద కొవ్వొత్తి రుద్ది నాలుగైదుసార్లు లాగండి. చైన్ వేసినా వెనకాలే విడిపోతుంటే తప్పు పళ్లది కాదు, రన్నర్ (పట్టుకుని లాగే ముక్క) వదులైంది. రన్నర్ వెనక రెండు అంచుల్నీ చిన్న పట్టకారుతో ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం నొక్కండి. ఎక్కువ నొక్కితే విరుగుతుంది. అప్పటికీ కుదరకపోతే రన్నర్ ఒక్కటే మార్పించండి. ఫుట్‌పాత్ మీద బ్యాగులు, సూట్‌కేసులు బాగుచేసేవాళ్లు తక్కువ డబ్బుకే చేస్తారు. చైన్ మొత్తం మార్చడం ఆఖరి మాట. మార్చినా పాత రన్నర్‌ను పారేయకుండా అడిగి తెచ్చుకోండి, సేకరణలో దానికి విలువ ఉంటుంది.

కుట్టు ఊడితే మీరే కుట్టుకోవచ్చు. మైనం పట్టించిన పాలిస్టర్ దారం, రెండు మొద్దు సూదులు చాలు. దారం రెండు కొసలకూ చెరో సూది ఎక్కించి, ఒక్కో పాత రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దూర్చి లాగాలి. ఇలా కుడితే ఒకచోట దారం తెగినా మిగతా కుట్టు విడిపోదు. కొత్త రంధ్రాలు పొడవొద్దు. ప్రతి కొత్త రంధ్రం తోలును చింపడానికి ఒక దారి చూపిస్తుంది. దారం మందం సుమారు 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్లు, రంగు పాత దారానికి దగ్గరగా ఉండేలా చూసుకోండి. జనరల్ బజార్, సుల్తాన్ బజార్‌లలో టైలరింగ్ సామాను షాపుల్లో లైనింగ్ గుడ్డ, చైన్లు దొరుకుతాయి. మైనం దారం కోసం ఆన్‌లైన్ తేలిక.

పట్టీ మొదలు ఊడితే, మందపు తోలు కుట్టాలంటే, చెప్పులు కుట్టే మనిషి దగ్గరికే వెళ్లండి. ఆరె (తోలు పొడిచే పనిముట్టు) పట్టి అలవాటైన చేయి మన చేతికన్నా మేలు. కానీ పని ఇచ్చేటప్పుడు దగ్గరే నిలబడాలి. "భాయ్, సొల్యూషన్ పూయొద్దు, మేకు కొట్టొద్దు, ఈ దారంతో పాత రంధ్రాల్లోంచే కుట్టు" అని చెప్పి, దారం మీదే ఇవ్వండి. ఆఖర్న అలవాటుకొద్దీ పాలిష్ డబ్బా తీస్తాడు, అప్పుడు వద్దనడం మర్చిపోకండి.

అంచులు పొరలుగా విడిపోతే పాత గమ్ము పొడిని గీరి తీసేసి, చెప్పుల పనికి వాడే ఫెవికాల్ ఎస్ఆర్ రకం గమ్మును రెండు వైపులా పలచగా రాసి, చేతికి అంటనంతగా ఆరాక కలిపి నొక్కాలి. తడిగా ఉండగానే అతికిస్తే పట్టు ఉండదు. బయటికి కారిన గమ్మును రుద్దితే మరక అవుతుంది, ఆరనిచ్చి ఉండలా దొర్లించి తీయండి.

రంగు వేయాలా?

సాధారణంగా వద్దు. మూలల్లో రంగు పోయి తెల్లబడితే, ఆ మూలల వరకే, రంగున్న లెదర్ క్రీమ్‌ను చిన్న గుడ్డతో అద్దండి. ఒకేసారి ముదురు రంగు కాకుండా, బ్యాగు రంగు కన్నా కొంచెం లేతది రెండు మూడు సార్లు వేస్తే బాగా కలుస్తుంది. మొత్తం రంగు మార్చాలంటే అసిటోన్‌తో పాత పూత తీసి, అక్రిలిక్ లెదర్ రంగు పలచని పొరలుగా వేసి, పైన మళ్లీ పూత వేయాలి. అది చేయొచ్చు, కొందరు అద్భుతంగా చేస్తారు. కానీ అప్పుడు మీ చేతిలో ఉండేది పాత ఆకారంలో ఉన్న కొత్త బ్యాగు. సేకరణ దృష్టితో చూస్తే విలువ పడిపోతుంది. వాడుకోవడానికే అయితే మీ ఇష్టం.

బెరడు తోలు బ్యాగుల్లో ఒక జబ్బు ఉంది. తోలు ఎర్రటి పొడిగా రాలుతూ, ముట్టుకుంటే చేతికి ఇటుకపొడిలా అంటుతుంది. దశాబ్దాల పాటు గాలిలోని గంధకపు వాయువుల వల్ల తోలు లోపలే ఆమ్లం పెరిగి పీచు తెగిపోవడం దీనికి కారణం. కండిషనర్ రాస్తే నల్లగా గట్టిపడుతుంది తప్ప బాగవదు. అలాంటిది మీ అమ్మమ్మదైతే మెత్తని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచండి, వాడొద్దు. బజార్లో కనిపిస్తే కొనొద్దు.

దాచడం

ప్లాస్టిక్ కవర్లో ఎప్పుడూ పెట్టకండి. కొన్నప్పుడు వచ్చిన సంచి లేకపోతే ఉతికిన నూలు దిండుగలీబు సరిపోతుంది. లోపల నూలుగుడ్డ కుక్కి, పట్టీని పైకి వేలాడదీయకుండా పక్కన పడుకోబెట్టి, నిలువుగా నిలబెట్టండి. కొక్కేనికి వేలాడదీస్తే పట్టీ సాగి, మొదట్లో చీలుతుంది. ఒకదాని మీద ఒకటి పెడితే ఒక బ్యాగు రంగు ఇంకోదానికి అంటుకుంటుంది. అద్దంలా మెరిసే పేటెంట్ లెదర్ అయితే మరీను.

కలరా ఉండలు బ్యాగులో వేయొద్దు. ఆ వాసన తోలులోంచి ఏళ్ల తరబడి పోదు. సిలికా జెల్ పొట్లాలు మేలు. రంగు మారే రకం కొనుక్కుంటే ఎప్పుడు ఎండబెట్టాలో తెలుస్తుంది. తేమ చూపించే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. బీరువాలో పెట్టుకోండి, 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే నిశ్చింత. జూలై నుంచి సెప్టెంబరు దాకా రెండు వారాలకోసారి బ్యాగులు బయటికి తీసి, కుట్ల మధ్య, పట్టీల కింద చూసి, గదిలో ఫ్యాన్ కింద కొన్ని గంటలు ఉంచండి. ఇనుప బీరువా గోడకు ఆని ఉంటే కొంచెం ముందుకు జరపండి. వానాకాలంలో ఆ గోడ చెమ్మే లోపలికి చేరుతుంది. మే నెలలో మాత్రం సిలికా జెల్ తీసేయండి, అప్పటికే పొడిగా ఉన్న గాలిని ఇంకా పొడి చేయడం ఎందుకు.

సేకరణ

కనిపించిందల్లా కొంటే రెండేళ్లలో బీరువా నిండుతుంది, చేతిలో మాత్రం ఒక్క మంచి బ్యాగూ ఉండదు. ఏదో ఒక దారి పట్టండి. మన దేశంలో తయారైనవే అనో, లైనింగ్ లేని కోచ్‌లే అనో, శాంతినికేతన్ అల్లికలే అనో. నన్నడిగితే ఇక్కడ ఉన్నవాళ్లు మన దేశపు బ్యాగులతో మొదలుపెట్టడం మేలు. ఇంకా చవగ్గానే దొరుకుతున్నాయి, నకిలీల గొడవ తక్కువ, వాటి చరిత్ర తెలిసిన మనుషులు మన మధ్యే ఉన్నారు. షనెల్ 2.55 లాంటివి, 1955 నుంచి ఉన్న ఆ గొలుసు పట్టీ బ్యాగులు, ఎర్రగడ్డలో దొరికాయంటే అవి అసలువి కావనే అనుకోండి.

ప్రతి బ్యాగుకూ ఒక పేజీ పెట్టుకోండి. ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నారు, అప్పటి ఫోటో, కొలతలు, లోపలి ముద్ర, చైన్ మీద పేరు. ఆ తర్వాత మీరు చేసిన ప్రతి పనీ తేదీతో సహా రాయండి: ఏ క్రీమ్, ఎంత, ఏ దారం, ఏ గమ్ము. బంధువుల దగ్గర తీసుకున్న బ్యాగైతే అది ఎవరిది, ఏ ఉద్యోగానికి తీసుకెళ్లేవారు, ఎవరు కొనిచ్చారు అనే వివరాలు అడిగి అదే పేజీలో పెట్టండి. పెద్దవాళ్లను ఫోన్లో అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. బాగుచేసిన బ్యాగును చేతికిచ్చి అడగండి, అప్పుడు పేజీ చాలదు.

బ్యాగులను బీరువాలోనే ఉంచేయకండి. నెలకోసారైనా ఒక్కోదాన్ని బయటికి తీసుకెళ్లండి, పెన్ను విడిగా పౌచ్‌లో పెట్టుకుని, నీళ్లసీసా అసలు పెట్టకుండా, వాన లేని రోజు చూసుకుని.